ఆన్‌లైన్ సభలో జనం చివరిదాకా ఉండాలంటే...

ప్రశ్న: మా పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఆన్‌లైన్‌లో జరుపుతున్నాం. 80 మంది దాకా వస్తారు. పోయినసారి రెండున్నర గంటల కార్యక్రమం పెడితే అరగంటకే కెమెరాలు ఆగిపోయాయి, ఆఖరికి పాతికమంది కూడా మిగల్లేదు. ఈసారి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: ముందుగా నిడివి తగ్గించండి. 75 నిమిషాలు, మహా అయితే 90. హాల్లో ఉపన్యాసం సాగదీసినా పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. తెర ముందు ఆ వీలు లేదు, పైగా లేచి వెళ్లినా ఎవరూ గమనించరు. కాబట్టి కార్యక్రమ పట్టిక రాసేటప్పుడు సమయం, అంశం, మాట్లాడేవారు అనే గడుల పక్కన ‘చూసేవాళ్లు ఏం చేస్తారు’ అనే గడి కూడా గీయండి. అది వరసగా పది నిమిషాలకు మించి ఖాళీగా కనిపిస్తే అక్కడ ఏదో ఒకటి చేర్చండి: ఒక పోల్, చాట్‌లో ఒక ప్రశ్న, చేతులెత్తించడం, ఏదైనా సరే.

మొదటి ప్రశ్న ఒక్క మాటలో జవాబు చెప్పగలిగేదై ఉండాలి. ‘మీది ఏ బ్యాచ్?’ అంటే అందరూ టైప్ చేస్తారు. ‘మీ అనుభవాలు పంచుకోండి’ అంటే ఒక్కరూ చేయరు. వచ్చిన జవాబుల్ని పేరుపేరునా పైకి చదవండి. తన పేరు వినబడ్డాక మనిషి అంత తొందరగా వెళ్లిపోడు. తొలి పలుకులు, అతిథి పరిచయం రెండేసి నిమిషాల్లో ముగించి, ధన్యవాదాల జాబితాను స్లైడ్ మీద చూపించండి.

పాత మిత్రులు వచ్చేది ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి. అందుకే మీ సభకు ప్రాణం బ్రేకౌట్ రూములే, అంటే వచ్చినవారిని చిన్న గుంపులుగా విడదీసి మాట్లాడుకోనిచ్చే ఆన్‌లైన్ గదులు. గదికి నలుగురు చొప్పున 20 గదులు చేయండి. ఇద్దరినే వేస్తే, ఒకరి నెట్ పోగానే రెండోవారు ఒంటరిగా మిగులుతారు. ఏడెనిమిది మందైతే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటూ ఉండిపోతారు. 12 నిమిషాలివ్వండి. పలకరింపులకే రెండు మూడు నిమిషాలు పోతాయి కనుక ఐదు నిమిషాల గది ఎందుకూ కొరగాదు. గదుల్లోకి పంపే ముందే ప్రశ్న చెప్పండి, పంపాక అదే ప్రశ్నను బ్రాడ్‌కాస్ట్ సందేశంగా (అన్ని గదులకూ ఒకేసారి చేరేది) మళ్లీ పెట్టండి. ‘అక్షర క్రమంలో ఎవరి పేరు ముందుంటే వాళ్లు మొదలుపెట్టాలి’ అని కూడా చెప్పండి. ‘ముందు మీరు’, ‘లేదు, మీరే’ అనుకుంటూ ఒకరి ముఖాలొకరు చూసుకోవడం తప్పుతుంది.

ఇదంతా వ్యాఖ్యాత ఒక్కరే నడపలేరు. చాట్ చూడటానికి ఒకరు. ఆలస్యంగా వచ్చేవారిని లోపలికి తీసుకోవడానికి, మైకులు మ్యూట్ చేయడానికి, గదులు తెరవడానికి మరొకరు కావాలి. ఈ రెండోవారిని ముందే కో-హోస్ట్‌గా, అంటే హోస్ట్‌తో పాటు సభను నడిపే వీలున్నవారిగా పెట్టండి. వారు వేరే ఇంట్లో, వేరే నెట్ కనెక్షన్ మీద ఉండాలి. హోస్ట్ ఇంట్లో కరెంటు పోయినా సభ ఆగకూడదు. ఉచిత ఖాతాతో నడపాలనుకుంటే మాత్రం ముందే ఆలోచించుకోండి: జూమ్‌లో సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుంది. గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలే.

ప్రశ్న: అందరం కలిసి ఒక పాట పాడదామని ప్రయత్నిస్తే గందరగోళంగా వినిపించింది. ఎందుకు?

జవాబు: ఒకరి గొంతు మరొకరికి చేరేసరికి సెకనులో కొంత భాగం ఆలస్యమవుతుంది. మాటల్లో అది తెలియదు, తాళంలో తెలుస్తుంది. ప్రతివారూ తాము విన్నదాన్ని అందుకోవాలని ఆగుతారు, దాంతో పాట అంతకంతకూ నెమ్మదిస్తుంది. పైగా ఈ యాప్‌లు ఒక సమయంలో ఒకరు మాట్లాడతారన్న లెక్కతో పనిచేస్తాయి కాబట్టి మిగతా గొంతుల్ని అణిచేస్తాయి. నెట్ వేగం పెంచుకున్నంత మాత్రాన ఇది పోదు.

బాగా పాడేవారు ఒక్కరే మైకు తెరిచి పాడాలి, మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండి గొంతు కలపాలి. ఎవరి ఇంట్లో వాళ్లకు అది బృందగానంలాగే ఉంటుంది. నిజంగా అందరి గొంతులూ వినిపించాలంటే ముందే రికార్డు చేయాలి. అందరికీ ఒకే ట్రాక్ పంపండి. ఇయర్‌ఫోన్‌లో అది వింటూ పాడి ఫోన్‌లో రికార్డు చేస్తారు. ట్రాక్ మొదట్లో నాలుగు లెక్కలు పెట్టి, నాలుగో లెక్కకు అందరూ ఒక్క చప్పట్టు కొట్టాలని చెప్పండి. ఎడిటింగ్‌లో ఆ చప్పట్లను ఒక వరసలోకి తెస్తే పాట దానంతటదే కుదురుతుంది.

ఒంటరిగా పాడేవారు జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఆన్ చేసుకోవాలి. లేకపోతే నిలకడగా మోగే శ్రుతిని యాప్ ఫ్యాన్ చప్పుడనుకుని తీసేస్తుంది.

ప్రశ్న: జ్ఞాపకాల వీడియో ప్లే చేస్తే బొమ్మ ఆగి ఆగి వచ్చింది, శబ్దం అసలు రాలేదు.

జవాబు: జూమ్‌లో స్క్రీన్ షేర్ చేసేటప్పుడు ‘షేర్ సౌండ్’, ‘ఆప్టిమైజ్ ఫర్ వీడియో క్లిప్’ అనే రెండు గడులూ టిక్ చేయాలి. వీడియోను నెట్‌లోంచి నేరుగా ప్లే చేయకండి, కంప్యూటర్‌లోకి దించుకుని ఉంచండి. అవతలివారికి బొమ్మ సాఫీగా చేరేది మీ అప్‌లోడ్ వేగాన్ని బట్టి, డౌన్‌లోడ్ వేగాన్ని బట్టి కాదు. వైఫై వదిలి కేబుల్ తగిలిస్తే ఇంకా నయం. రిహార్సల్‌లో ప్లే చేసేవారిని కాదు, మరో ఇంట్లో ఫోన్‌లో చూస్తున్నవారిని అడగండి, ఎలా వస్తోందో.

ప్రశ్న: సభ్యులు వేర్వేరు దేశాల్లో ఉన్నారు. టైము విషయంలో ప్రతిసారీ పొరపాటు జరుగుతోంది.

జవాబు: ఆహ్వానంలో సమయం రాసి ఊరుకోకుండా క్యాలెండర్ ఇన్వైట్ పంపండి. అది ఎవరి ఫోన్‌లో వారి స్థానిక సమయానికి మారిపోతుంది. మార్చి, అక్టోబర్, నవంబర్ నెలల్లో మరీ జాగ్రత్త. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుగుతాయి. యూరప్‌లో మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో. అమెరికా, యూరప్ తేదీల మధ్య ఉండే వారాల్లో పాత లెక్కన వెళితే గంట తేడా వస్తుంది.