కంప్యూటర్ సందేహాలు: పిడుగుల రాత్రి మాయమైన నెట్‌వర్క్ కార్డు

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మూడేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్‌కు ఫైబర్ కనెక్షన్ బాక్సు నుంచి లాన్ వైరు పెట్టుకొని వాడుకుంటున్నాను. కిందటి నెల ఒక రాత్రి ఉరుములు, మెరుపులతో గాలివాన వచ్చి కరెంటు పోయింది. మర్నాడు కంప్యూటర్ మామూలుగానే ఆన్ అయింది గానీ ఇంటర్నెట్ రాలేదు. అదే వైరును మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కు పెడితే వస్తోంది. మెకానిక్ వచ్చి తన పెన్‌డ్రైవ్‌తో విండోస్ 10 మళ్లీ ఎక్కించాడు. అయినా నెట్‌వర్క్ కార్డు కనిపించడం లేదు. ఇక మదర్‌బోర్డు మార్చాల్సిందేనంటున్నాడు. మార్చక తప్పదా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మాస్టారూ, డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక అరగంట సమయం ఖర్చు పెట్టండి. అదే వైరుతో ల్యాప్‌టాప్ పనిచేస్తోందని రాశారు కాబట్టి బాక్సు, వైరు రెండూ బాగున్నట్టే. ఇక తేలవలసింది ఒక్కటే: మీ కంప్యూటర్‌కు కార్డు అసలు కనబడటమే లేదా, లేక కార్డు కనబడుతున్నా దాన్ని నడిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ లేక ఊరుకుందా? పైకి చూస్తే రెండింటికీ లక్షణం ఒకటే, నెట్ రాకపోవడం. మీ మెకానిక్ విండోస్ మళ్లీ ఎక్కించడంతో ఈ చిక్కుముడి ఇంకొంచెం బిగుసుకుంది. ఎందుకంటే అంతకుముందు రోజు దాకా నెట్ వచ్చింది కాబట్టి డ్రైవర్ ఉన్నట్టు మనకు తెలుసు. ఇప్పుడు ఆ డ్రైవర్ కూడా తుడిచిపెట్టుకుపోయింది కాబట్టి, కార్డు బతికే ఉన్నా కనిపించకపోవచ్చు. నెట్ పోగానే ఫార్మాట్ కొట్టడం తలనొప్పికి గుండు గీయించినట్టు ఉంటుందని నేను చాలాసార్లు రాశాను.

విండోస్ బొమ్మ ఉన్న కీని, ఎక్స్ కీని కలిపి నొక్కితే వచ్చే పట్టీలో డివైస్ మేనేజర్‌ను తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ అన్న వరుసలో మీ కార్డు లేకపోతే, అదర్ డివైసెస్ అన్న వరుస ఉందేమో చూడండి. అక్కడ పసుపు పచ్చని త్రికోణం గుర్తుతో ఈథర్‌నెట్ కంట్రోలర్ అని కనిపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు, కార్డు బతికే ఉంది, డ్రైవర్ ఒక్కటే కావాలి. దాని మీద రెండుసార్లు నొక్కితే కోడ్ 28 అని ఉంటుంది. డ్రైవర్ ఎక్కలేదని దాని అర్థం. మెకానిక్ పెన్‌డ్రైవ్‌లోని విండోస్ మీ మదర్‌బోర్డు కంటే పాతదైతే ఆ కార్డు డ్రైవర్ అందులో ఉండకపోవడం మామూలే.

ఏ డ్రైవర్ కావాలో కార్డే చెబుతుంది. అదే పెట్టెలో డీటెయిల్స్ పేజీకి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే వెన్, డెవ్ అన్న మాటల పక్కన నాలుగేసి అక్షరాలో అంకెలో కనిపిస్తాయి. వెన్ పక్కన 10ఈసీ ఉంటే తయారీదారు రియల్‌టెక్, 8086 ఉంటే ఇంటెల్. డెవ్ పక్కన ఉన్నది మోడల్ సంఖ్య. రియల్‌టెక్‌లో 8168 అంటే గిగాబిట్ చిప్, 8125 అంటే అంతకు రెండున్నర రెట్ల వేగం గల కొత్త చిప్. మదర్‌బోర్డు కంపెనీ సైటులో మీ మోడల్ పేజీ నుంచి లాన్ డ్రైవర్‌ను అబ్బాయి ల్యాప్‌టాప్‌లో దించుకొని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. అదీ కాదంటే ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ నెట్ కంప్యూటర్‌కు వస్తుంది, ఆపైన విండోస్ అప్‌డేటే చాలాసార్లు డ్రైవర్‌ను వెతికి పెట్టుకుంటుంది.

ఏ వరుసలోనూ దాని జాడ లేకపోతే సంగతి వేరు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు జరిగేది మీరు తరగతిలో హాజరు పిలిచిన పద్ధతే. మదర్‌బోర్డు మీద ఉన్న ఒక్కొక్క స్థానాన్ని బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) పలకరిస్తుంది, అక్కడున్న చిప్ తన తయారీదారు సంఖ్యను చెప్పి హాజరు వేయించుకుంటుంది. మనం కార్డు అంటున్నది కూడా మదర్‌బోర్డు మీదున్న అలాంటి చిప్పే. బదులు రాని స్థానం దగ్గర ఎఫ్ అక్షరమే నాలుగుసార్లు వస్తుంది. అంటే ఆ కుర్రవాడు బడికి రాలేదన్నమాట. హాజరు పట్టీలో లేని చిప్‌కు ఎన్ని డ్రైవర్లు ఎక్కించినా, విండోస్ ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు.

అయితే బదులు పలకనిదల్లా చచ్చిపోయినట్టు కాదు. కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసినా, ప్లగ్గు గోడకు ఉన్నంతసేపూ నెట్‌వర్క్ చిప్‌కు సన్నగా కరెంటు అందుతూనే ఉంటుంది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా కొన్నిటికి వెనక లాన్ పోర్టు దగ్గర లైటు మిణుకుమిణుకుమంటుండటం మీరు చూసే ఉంటారు. ఆ రాత్రి కరెంటు ఎగుడుదిగుళ్లకు చిప్ బిగుసుకుపోయి ఉంటే, షట్‌డౌన్‌తో అది తేరుకోదు. కాబట్టి ప్లగ్గు, లాన్ వైరు రెండూ పీకేసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకొని, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. వినడానికి చిట్కా వైద్యంలా ఉంటుంది గానీ, నా ముందే రెండు మూడు మిషన్లు దీంతో లేచి కూర్చున్నాయి.

దానికీ లొంగకపోతే ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. ఆన్‌బోర్డ్ లాన్ అన్న పేరుతోనో, ఇంచుమించు అలాంటి పేరుతోనో ఒక వరుస ఉంటుంది. అది డిజేబుల్డ్ అని ఉంటే ఎనేబుల్డ్ చేయండి. తెలియని మిగతా వరుసల జోలికి పోవద్దు.

చివరి పరీక్షకు ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ కావాలి. దానితో కంప్యూటర్‌ను లేపి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఉబుంటు ఎంచుకొని, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఎల్, ఎస్, పీ, సీ, ఐ ఇంగ్లిషు అక్షరాలను ఎడం లేకుండా చిన్న బడిలో (స్మాల్ లెటర్స్‌లో) టైపు చేసి ఎంటర్ నొక్కండి. వచ్చే జాబితాలో ఈథర్‌నెట్ కంట్రోలర్ ఉంటే తప్పు విండోస్‌ది. లేకపోతే, లాన్ పోర్టు దగ్గర లైటు కూడా వెలగకపోతే, చిప్ కాలిపోయిందనే అనుకోవాలి. ఫైబర్ అనే గాజు తీగలో కరెంటు పారదు గానీ, బాక్సు అడాప్టర్ కరెంటు ప్లగ్గులోనే ఉంటుంది, బాక్సు నుంచి మీ కంప్యూటర్‌కు వచ్చే లాన్ వైరు రాగిదే. పిడుగు ఆ దారినే వస్తుంది. మా ఇంట్లోనూ ఒక వేసవిలో ఇలాగే ఒక పోర్టు పోయింది. అప్పటినుంచి ఉరిమితే కరెంటు ప్లగ్గుతో పాటు లాన్ వైరునూ పీకేస్తున్నాను.

చిప్ నిజంగా పోయినా మదర్‌బోర్డు మార్చనక్కరలేదు, మిగతావన్నీ పనిచేస్తున్నాయి కదా. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లలో అన్నిటికంటే పొట్టిదానిలో అమరే గిగాబిట్ లాన్ కార్డు కొని పెట్టించుకోండి. కేసు తెరవడం ఇష్టం లేకపోతే యూఎస్‌బీ నుంచి లాన్‌కు మార్చే అడాప్టర్ తీసుకోండి. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు కాబట్టి వంద మెగాబిట్ల ప్లానుకు పాత పోర్టయినా చాలు; అంతకు మించిన ప్లానైతే 3.0 రకం కొని నీలం రంగు పోర్టులో పెట్టుకోవడం మేలు. వందల్లో తేలిపోయే పనికి వేలు పోయవద్దు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో మూత వేసి తీసిన తర్వాత ఒక్కోసారి వైఫై గుర్తే ఉండదు. డివైస్ మేనేజర్‌లో కోడ్ 10 (పరికరం మొదలు కాలేదని) చూపిస్తుంది. రీస్టార్ట్ చేస్తే వస్తుంది, షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే రాదు. కార్డు పాడైనట్టేనా?
— ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: రీస్టార్ట్‌తో వస్తోందంటే కార్డు బాగున్నట్టే లెక్క, నిద్రలోకి వెళ్లి సరిగ్గా లేవలేకపోతోంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. దానివల్ల షట్‌డౌన్ చేసినప్పుడు డ్రైవర్లు ఉన్న స్థితి ఉన్నట్టుగా డిస్కులో దాచుకొని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అదే స్థితిని తిరిగి తెస్తుంది. చెడిన స్థితి కూడా అలాగే తిరిగి వస్తుందన్నమాట. రీస్టార్ట్‌లో మాత్రం అంతా మొదటినుంచి మొదలవుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ పక్కన టిక్ తీసేయండి. వైఫై కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ పేజీ ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న అర్థం వచ్చే వరుసలోనూ టిక్ తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ పేజీ ఉండదు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి వైఫై డ్రైవర్, బయోస్ రెండూ కొత్తవి ఎక్కించండి. బయోస్ ఎక్కేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచాలి.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతోంది. నెట్ రావడం లేదు. కొత్త కార్డు కొనమంటారా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కొనవద్దు. కార్డు, డ్రైవర్ పనిచేస్తేనే ఆ అడ్రస్ దానికి పడుతుంది. రౌటర్‌ను అడ్రస్ అడిగి, జవాబు రాక, విండోస్ తనకు తానే పెట్టుకున్న అడ్రస్ అది. రౌటర్‌ను ఒక నిమిషం ఆపి మళ్లీ ఆన్ చేయండి, లాన్ వైరును రెండు వైపులా పీకి టక్కుమనేదాకా గుచ్చండి. అప్పటికీ అదే అడ్రస్ కనిపిస్తే వైరు మార్చి చూడండి.