డబుల్ బేస్ కొనాలి, పెట్టగలిగేది రెండు నెలల జీతమే: ఎలా ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: ఏడాదిగా క్లాసికల్ డబుల్ బేస్ (వయొలిన్ కుటుంబంలో అతిపెద్ద వాద్యం) నేర్చుకుంటున్నాను. ఇప్పటిదాకా మా గురువుగారి దగ్గరున్న వాద్యం మీదే సాధన. త్వరలో ఔత్సాహికుల ఆర్కెస్ట్రాలో చేరాలని ఉంది కాబట్టి సొంతది కావాలి. ఆరు నెలల జీతమంత పొదుపు ఉంది, అందులో రెండు నెలలది దీనికి పెట్టగలను. సరిగ్గా ఆ ధరకే ఆన్‌లైన్‌లో కొత్త 'ఫుల్లీ కార్వ్‌డ్' (పలకలన్నీ చెక్కి చేసిన) బేస్ కనిపించింది. మూడేళ్ల వాయిదాలకు ఒప్పుకుంటే ఇంకా మంచిది ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు వాయిదాల సంగతి తేల్చేద్దాం. ఫ్లాట్ వడ్డీ 10 శాతం అని చెప్పి మూడేళ్లకు ఇచ్చే అప్పు, తగ్గే బాకీ లెక్కన చూస్తే ఏడాదికి దాదాపు 18 శాతం పడుతుంది. సగం బాకీ తీరిపోయాక కూడా మొదటి అసలు మొత్తం మీదే వడ్డీ వేస్తూ పోతారు కాబట్టి ఇంత తేడా. 'వడ్డీ లేని వాయిదాలు' అంటే, నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారో అడగండి. నగదుకు 93, పన్నెండు నెలవారీ వాయిదాల్లో 100 అయితే, ఆ ఏడు తేడా ఏడాదికి 13, 14 శాతం వడ్డీతో సమానం. పైగా వాద్యం పగిలి మూలన పడినా వాయిదా ఆగదు. వద్దు. మిగతా నాలుగు నెలల జీతం మీ అత్యవసర నిధి, దాని జోలికీ వెళ్లొద్దు.

ఇక ఆ రెండు నెలల జీతాన్ని 100 భాగాలు అనుకోండి. వాద్యానికి 62, కమానుకు 14, సెటప్‌కూ (వాయించడానికి అనువుగా వాద్యాన్ని సరిచేయడం) తీగలకూ కలిపి 14, సంచి, కమానుకు రాసే రోజిన్, స్టూలు లాంటి వాటికి 5, మొదటి ఏడాది మరమ్మతులకు 5. ఆన్‌లైన్‌లో మీరు చూసింది వంద భాగాలనూ మింగేస్తుంది. అప్పుడు మీ చేతిలో ఉండేది వాయించదగ్గ వాద్యం కాదు, దాని ఒళ్లు మాత్రమే.

ఎందుకో చెబుతాను. పెట్టెలో వచ్చే చవక బేస్‌కు సాధారణంగా బ్రిడ్జి (తీగలను ఎత్తిపట్టే చెక్క ముక్క) ఎత్తుగా, మొరటుగా ఉంటుంది. దాని కాళ్లు పైపలక వంపుకు సరిగా ఆనవు. లోపలి సౌండ్‌పోస్ట్ (రెండు పలకల మధ్య నిలబెట్టే కర్ర) దారిలోనే పడిపోయి ఉండొచ్చు. నట్ (మెడ పైచివర తీగలు ఆనే మెట్టు) దగ్గర తీగలు పైకి ఉంటే మొదటి పొజిషన్‌లో స్వరం నొక్కడానికే వేళ్లు అలిసిపోతాయి. ఫింగర్‌బోర్డ్ (వేళ్లతో తీగలు నొక్కే పలక) గట్టి నల్ల కర్ర అయిన ఎబొనీ కాకుండా మెత్తని కర్రకు నల్లరంగు వేసింది అయితే, తీగల కింద త్వరగా గాట్లు పడి బరబరమంటుంది. ఇవన్నీ సరిచేసేది లూథియర్, అంటే తీగవాద్యాలు తయారుచేసే, బాగుచేసే నిపుణుడు. గమనించాల్సిన లెక్క ఇక్కడే ఉంది: కొత్త బ్రిడ్జి కోసి అమర్చడం, సౌండ్‌పోస్ట్ నిలపడం, ఫింగర్‌బోర్డ్ చిత్రిక పట్టడం, ఈ పనులకు పట్టే సమయం వాద్యం ధరను బట్టి మారదు. ఖరీదైన బేస్‌కు ఆ కూలి ధరలో చిన్న ముక్క, చవక బేస్‌కు ధరలో సగం దాకా పోవచ్చు.

'ఫుల్లీ కార్వ్‌డ్' అన్న మాటకు లొంగకండి. స్ప్రూస్ పైపలక, మేపుల్ వెనుకపలక, పక్కలు, అన్నీ పొరలు లేని నిండు చెక్కతో చేసిన బేస్ బాగుంటే దాని నాదం వేరే స్థాయిలో ఉంటుంది, నిజమే. కానీ ఈ ధరలో దొరికే కొత్త కార్వ్‌డ్ బేస్‌లో చెక్క సరిగా ఆరకపోవడం, పలకలు దళసరిగా వదిలేయడం మామూలే. దళసరి పలక మోగదు, ఆరని చెక్క పొడి గాలి తగిలితే పగులుతుంది. మీకు సరిపడేవి రెండు రకాలు. ఒకటి లామినేటెడ్, అంటే పొరలు అతికించిన చెక్కది. గాలి మార్పులను, దెబ్బలను బాగా తట్టుకుంటుంది. రెండోది హైబ్రిడ్; పైపలక మాత్రం చెక్కిన స్ప్రూస్, మిగతాది లామినేటెడ్. కమాను వాయింపుకు, మీ బడ్జెట్‌కు, వాడిన హైబ్రిడ్ దొరికితే అదే నా మొదటి ఎంపిక. దొరక్కపోతే మంచి సెటప్ ఉన్న లామినేటెడ్ తీసుకోండి. సైజు 3/4 చాలు. పెద్దవాళ్లలో ఎక్కువమంది వాయించేది అదే, 4/4 అరుదు.

వాడినది చూడ్డానికి లూథియర్‌ను గానీ గురువుగారిని గానీ వెంట తీసుకెళ్లండి. లూథియర్‌కు ఇచ్చే ఫీజు ఈ మొత్తం కొనుగోలులో అత్యంత లాభదాయకమైన ఖర్చు. మీరు స్వయంగా చూడదగినవి కూడా ఉన్నాయి. నట్ నుంచి బ్రిడ్జి దాకా టేపు పెట్టండి: 104 నుంచి 107 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, అంతకు మించితే ఎడమ చెయ్యి రోజూ కష్టపడుతుంది. అంచుల వెంట వేలి కణుపుతో మెల్లగా తట్టండి. అతుకు విడిపోయిన చోట చప్పుడు మారుతుంది. అతుకు విడిపోవడం చిన్న మరమ్మతు, ధర తగ్గించమని అడగడానికి మంచి కారణం. కానీ సౌండ్‌పోస్ట్ ఉన్నచోట పలకలో నిలువుగా పగులు ఉంటే, మెడ మొదలు దగ్గర విరిగి అతికించిన గుర్తు ఉంటే, ఎంత తగ్గించినా వదిలేయండి. ఆ మరమ్మతుకు పలక విప్పాల్సి రావచ్చు, ఖర్చు వాద్యం ధరను దాటొచ్చు. లోపల అంటించిన లేబుల్ మీద ఏ పేరున్నా దానికి విలువ కట్టకండి. లేబుల్ ఎవరైనా అంటించగలరు.

జాజ్ వాయించేవాళ్ల దగ్గర కొంటుంటే ఇంకో లెక్క కలుపుకోండి. వేళ్లతో మీటడానికి వాళ్లు బ్రిడ్జిని కిందికి, కొంచెం చదునుగా కోయించుకుంటారు. దాని మీద కమాను పెడితే A తీగతోపాటు పక్క తీగ కూడా తగులుతుంది. కోసేసిన బ్రిడ్జి మళ్లీ పెరగదు. ఎత్తు మార్చే చక్రాలు ఉన్నా, అవి ఎత్తును సరిచేస్తాయి గానీ వంపును సరిచేయలేవు. అంటే కొత్త బ్రిడ్జి. తీగలు కూడా మీటడానికి చేసినవే ఉంటాయి కాబట్టి ఆర్కెస్ట్రా తీగల సెట్టు కూడా కొనాలి. ఈ రెండిటి ఖర్చూ ముందే తెలుసుకుని అడిగే ధరలోంచి తీసేయండి. సెటప్ పూర్తయ్యాక ఫింగర్‌బోర్డ్ చివర G తీగ ఎత్తు 6, 7 మిల్లీమీటర్లు, E తీగది 9, 10 ఉంటే కమానుకు, వేళ్లకు రెండిటికీ అనువు.

తీగలు కొనేటప్పుడు చాలామంది చేసే ఖరీదైన పొరపాటు ఒకటుంది. 'సోలో' అని రాసిన సెట్టు F షార్ప్, B, E, A శ్రుతికి చేసింది, ఆర్కెస్ట్రా శ్రుతికన్నా ఒక స్వరం పైకి. మీకు కావాల్సింది E, A, D, G సెట్టు. పిరాస్ట్రో ఫ్లెక్సోకోర్, థోమాస్టిక్ బెల్‌కాంటో, డి'అడారియో హెలికోర్ ఆర్కెస్ట్రల్, ఇవన్నీ కమాను కోసం చేసినవే. హెలికోర్‌లోనే పిజ్జికాటో (వేళ్లతో మీటే) రకం వేరే ఉంది, కవరు మీద చూసుకోండి.

కమాను దగ్గర పొదుపు చేయాలనిపిస్తుంది. చేయొద్దు. వాద్యంతోపాటు ఉచితంగా ఇచ్చేది లెక్కలోకి తీసుకోకండి. కమానును ఫ్రెంచ్ పద్ధతిలో పట్టుకోవాలా, జర్మన్ పద్ధతిలోనా అన్నది గురువుగారు నేర్పినదాన్ని బట్టే. మారిస్తే ఏడాది సాధన వృథా. ఈ 14 భాగాల్లో కార్బన్ ఫైబర్ కమాను నమ్మకమైన ఎంపిక. బిగించి, ఒక కన్ను మూసి కర్ర వెంట చూడండి, పక్కకు వంగకూడదు. వెంట్రుకలు మార్చడానికి ఎంతవుతుందో కూడా అడగండి. ఆ ఖర్చు కమాను ధరకు దగ్గరగా ఉంటే అది మరీ చవకరకం. రోజిన్ బేస్ కోసమే చేసింది కొనండి. వయొలిన్ రోజిన్ గట్టిది, మందమైన తీగల మీద పట్టు ఇవ్వదు.

62 భాగాల్లో ఇప్పుడే మంచిది దొరక్కపోతే అద్దెకు తీసుకోండి. అద్దె నెలకు వాద్యం ధరలో 2 శాతం అనుకుంటే ఆరు నెలలకు 12 శాతం. చవక కొత్త బేస్ కొని తిరిగి అమ్మితే వచ్చే నష్టంతో పోలిస్తే ఇది భరించదగ్గదే. ఒప్పందంలో మూడు విషయాలు రాతలో ఉండాలి: కట్టిన అద్దెలో ఎంత భాగం కొనుగోలులో జమ అవుతుంది, అతుకు విడిపోతే ఎవరు బాగుచేయిస్తారు, మోసుకెళ్లేటప్పుడు దెబ్బతింటే బాధ్యత ఎవరిది. జమ వాళ్ల దగ్గరున్న వాద్యాలకే అంటే, ఆ వాద్యాలను ముందే చూసి రండి.

కొన్నాక లూథియర్ చేత విలువ రాయించి బీమా చేయించండి. ఇంటి బీమాలో చాలాసార్లు బయటికి తీసుకెళ్లిన వాద్యానికి రక్షణ ఉండదు, కాబట్టి రవాణా కలిసి ఉందో లేదో పాలసీలో చదవండి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచండి, తేమ కొలిచే హైగ్రోమీటర్ చవకే. ఎప్పుడైనా అతుకు విడిపోతే ఇంట్లో ఉన్న బలమైన జిగురు పెట్టకండి. ఈ అతుకులకు వాడే జంతుజిగురు చెక్క కన్నా ముందు తాను విడిపోయి పలకను కాపాడుతుంది. బలమైన జిగురు పెడితే అతుకు నిలుస్తుంది, పలక పగులుతుంది. మీరు పక్కన పెట్టిన 5 భాగాలు ఒకట్రెండు అతుకుల పనికి సరిపోవాలి, పగిలిన పలకకు మాత్రం చాలవు.