పై (π) విలువను ఇంట్లోనే రాబట్టడం ఎలా?

22/7 వాడకుండా పై (π) విలువను, అంటే వృత్తం చుట్టుకొలత దాని అడ్డుకొలతకు ఎన్ని రెట్లో, మనమే కనుక్కోగలమా అని ప్రశ్న. కనుక్కోవచ్చు. ఇరానీ చాయ్ సాసర్ అంచు చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును సాసర్ అడ్డుకొలతతో భాగించండి. 14 సెంటీమీటర్ల సాసర్‌కు దారం దాదాపు 44 వస్తుంది, అంటే 3.14. దారం సాగిందా, లెక్క గోవిందా!

కాగితం మీదైతే కేరళ గణితవేత్త మాధవుడి శ్రేణి నాకిష్టం: 4 × (1 − 1/3 + 1/5 − 1/7 + …). కాకపోతే సాయంత్రం పంజాగుట్ట ట్రాఫిక్‌లా కదులుతుంది. 100 పదాలు కలిపినా 3.13159 దగ్గరే ఉంటాం. 101వ పదం కలిపితే 3.15149కి ఎగురుతుంది. చిట్కా ఏంటంటే, ఈ రెండింటి సగటు తీయండి: 3.14154! అసలు విలువ 3.14159…

అంత ఓపిక లేకపోతే 355ను 113తో భాగించండి. ఆరు దశాంశ స్థానాల వరకు సరిగ్గా వస్తుంది.