సబ్‌నెట్ మాస్క్ అర్థం కాలేదని నెట్‌వర్కింగ్ వదిలేయాలా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి సీసీఎన్‌ఏకు (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్షకు) చదువుతున్నాను. సబ్‌నెట్టింగ్ దగ్గరే, అంటే పెద్ద నెట్‌వర్క్‌ను చిన్న నెట్‌వర్క్‌లుగా విడగొట్టే లెక్కల దగ్గరే ఆగిపోయాను. మాస్క్‌ల టేబుల్ మొత్తం బట్టీ పట్టినా ఇంటర్వ్యూలో చెప్పలేకపోయాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వైపు వెళ్లిపోమంటారా?

జవాబు: టెస్టింగ్ ఇష్టమైతే వెళ్లండి. సబ్‌నెట్టింగ్‌కు భయపడి మాత్రం వెళ్లొద్దు. చివర్లో చూడాల్సిన టేబుల్‌తో మీరు మొదలుపెట్టారు, అంతే.

మన ల్యాండ్‌లైన్ నంబర్లు గుర్తుచేసుకోండి. ముందున్న సున్నా తీసేస్తే, ఎస్టీడీ కోడ్, నంబర్ కలిపి పది అంకెలు. హైదరాబాద్ కోడ్ 40, నంబరుకు ఎనిమిది అంకెలు. విజయవాడ 866, నంబరుకు ఏడు. ఒంగోలు 8592, నంబరుకు ఆరే. కోడ్ పొడుగైనకొద్దీ ఆ ఊళ్లో ఇవ్వగల నంబర్లు తగ్గుతాయి. నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కు ఇలాంటి నంబరే ఐపీవీ4 అడ్రస్. అందులో పది అంకెలకు బదులు 32 బిట్లు (0 లేదా 1). అందులో ఊరు (నెట్‌వర్క్) ఎక్కడితో అయిపోయిందో, ఇల్లు (పరికరం) ఎక్కడ మొదలైందో చెప్పేదే సబ్‌నెట్ మాస్క్. చుక్కల మధ్య ఒక్కో సంఖ్యకు 8 బిట్లు. 255.255.255.0 అంటే మొదటి 24 బిట్లు ఊరివి, చివరి 8 ఇంటివి.

కంప్యూటర్‌కు దీంతో పనేమిటి? డేటా పంపేముందు ‘అవతలి అడ్రస్ మా ఊరిదేనా’ అని మాస్క్‌తో చూసుకుంటుంది. అయితే నేరుగా పంపుతుంది, కాకపోతే గేట్‌వేకి (వేరే నెట్‌వర్క్‌లకు దారి చూపే రౌటర్‌కు) అప్పగిస్తుంది.

ఇంటర్వ్యూలో మీకు పనికొచ్చే సందర్భం ఒకటి చెబుతాను. ఆఫీసులో ఒక పీసీ 192.168.10.20. ప్రింటర్ వేరే నెట్‌వర్క్‌లో 192.168.20.15. పీసీలో మాస్క్ 255.255.255.0 ఉండాల్సింది, ఎవరో 255.255.0.0 అని కొట్టారు. ఇంటర్నెట్ బాగానే వస్తుంది, ప్రింట్ మాత్రం వెళ్లదు. ఎందుకంటే ప్రింటర్ కూడా తన ఊళ్లోనే ఉందనుకుని పీసీ గేట్‌వేకి ఇవ్వకుండా అక్కడే పిలుస్తూ కూర్చుంటుంది. ఇది మీ మాటల్లో వివరించగలిగితే, టేబుల్ అప్పజెప్పినవాళ్లకంటే మీరే ముందుంటారు.

ఇక లెక్క. 192.168.10.70, స్లాష్ 26 అనుకోండి. స్లాష్ 26 అంటే మొదటి 26 బిట్లు ఊరివి. అంటే చివరి సంఖ్యలో మొదటి రెండు బిట్లు కూడా ఊరివే, వాటి విలువ 128 + 64. కాబట్టి మాస్క్ చివరి సంఖ్య 192. 256లోంచి 192 తీస్తే 64. అంటే 0, 64, 128, 192 దగ్గర కొత్త నెట్‌వర్క్‌లు మొదలవుతాయి. 70 పడేది 64 నుంచి 127 మధ్య. 64 నెట్‌వర్క్ అడ్రస్ (ఊరి పేరు లాంటిది), 127 బ్రాడ్‌కాస్ట్ (ఊళ్లో అందరికీ ఒకేసారి పంపే అడ్రస్). ఆ రెండూ పోతే 64లో పరికరాలకు మిగిలేవి 62.

క్లౌడ్ ఉద్యోగానికి వెళ్లినా ఇది తప్పదు. అమెజాన్ క్లౌడ్‌లో అయితే ప్రతి సబ్‌నెట్‌లో ఐదు అడ్రస్‌లు వాళ్లే ఉంచుకుంటారు. స్లాష్ 28 తీసుకుంటే 16కి 11 మాత్రమే మీ చేతికొస్తాయి.

నెలరోజులపాటు రోజూ ఐదు లెక్కలు కాగితం మీద చేయండి. ఆ తర్వాత సిస్కో ప్యాకెట్ ట్రేసర్‌లో (కంప్యూటర్‌లోనే నకిలీ నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్) కావాలనే తప్పు మాస్క్ పెట్టి పింగ్ (అవతలి పరికరం పలుకుతుందా అని చూసే సందేశం) ఎక్కడ ఆగుతుందో చూడండి. మొదటి లెక్క నేనే ఇస్తున్నాను: 172.16.5.130, స్లాష్ 27. నెట్‌వర్క్ అడ్రస్ 172.16.5.128, బ్రాడ్‌కాస్ట్ 172.16.5.159 వస్తే మీరు సరిగ్గానే చేసినట్టు.