మిల్లు చూసుకోబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడి రైసుమిల్లు ఈ కోతల నుంచి నువ్వే చూసుకుంటావని అక్క చెప్పింది. చాలా సంతోషం. బస్తాల లెక్కలు మీ నాన్న నేర్పుతాడు. నేను పనివాళ్ల క్షేమం గురించి రాస్తున్నాను.

అన్నిటికంటే వడ్లు పైకెత్తే ఎలివేటర్ దగ్గర నాకు భయం. బెల్టు పక్కకి జరిగితే మోటారు ఆపకుండా కర్రతో సర్దేస్తారు. కర్ర జారితే చెయ్యి పోతుంది, భుజం మీది తువ్వాలు చిక్కితే ప్రాణమే పోతుంది. పుల్లీలన్నిటికీ జాలీ బిగించు. గ్రీజు పెట్టడానికి విప్పారా, మళ్లీ బిగించేదాకా మోటారు తిరక్కూడదు. స్విచ్ ఆపితే సరిపోదు నాయనా, అవతలివాడు తెలియక వేసేస్తాడు. ఫ్యూజు పీకి, చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఉంచమను. సీజన్లో కాస్త ఆలస్యమవుతుంది, అవనీ.

ఉప్పుడు బియ్యానికి వడ్లు నానబెట్టే తొట్లలోకి మనిషిని ఊరికే దింపకు. మురిగిన నీటి గాలికి లోపలివాడు స్పృహ తప్పుతాడు, లాగబోయినవాడూ అక్కడే పడిపోతాడు. బ్లోయరుతో గాలి ఆడించి, నడుముకి తాడు కట్టి, పైన ఇద్దరు నిలబడ్డాకే దిగాలి.

జరగరానిది జరిగితే ముందు ఆసుపత్రి. బరంపురం తీసుకెళ్లమంటే వెంటనే బండి పెట్టు. పనిలో తగిలిన దెబ్బకి వైద్యం ఖర్చు యజమానిదే. "ముఠా మేస్త్రి తెచ్చిన మనిషి, మాకేం సంబంధం" అనే మాట నీ నోట రాకూడదు. కాంట్రాక్టు కూలీకీ అసలు యజమానే బాధ్యుడు. 1923 నాటి కార్మికుల పరిహార చట్టంలోనూ, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది.

పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఎంతో కొంత చేతిలో పెట్టి, ఇక అడగనని వేలిముద్ర వేయించుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకు. హక్కు వదులుకున్నానని రాయించుకున్న కాగితం చెల్లదు, అది అన్యాయం కూడా. పరిహారం నెల దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకపోతే ఆ పరిహారంలో సగం దాకా జరిమానా కూడా. ప్రాణం పోతే డబ్బు ఇంటివాళ్ల చేతికి కాదు, ఇందుకోసం ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గర జమ చెయ్యాలి. ఆయనకే 7 రోజుల్లో ప్రమాదం రిపోర్టు ఇవ్వాలి. తాగి ఉన్నాడన్న సాకు చావుకి పనికిరాదు.

పనివాళ్లు పదిమంది ఉన్నా ఈఎస్ఐ (కార్మికుల బీమా) సంగతి ముందే తేల్చుకో. ముఠావాళ్ల పేర్లు, రోజుకూలీ రిజిస్టర్లో రోజూ ఎక్కించు, అవి లేకపోతే ఆ కుటుంబం క్లెయిము కోసం నానా తిప్పలు పడాలి. జాగ్రత్తల బోర్డు తెలుగులోనే రాయించి ఊరుకోకు. ఒడియాలోనూ రాయించు, చదవలేని సవర కూలీలకి వాళ్ల భాషలో నోటితో చెప్పించు.

ఉంటాను,
మావయ్య