పీఏసీకి చెక్కు రాయాలా, నేరుగా అభ్యర్థికే ఇవ్వాలా?

అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉన్నానని, మీ ప్రాంతం నుంచి అక్కడి పార్లమెంటుకు (కాంగ్రెస్‌కు) పోటీ చేస్తున్నాయనకు సాయం చేద్దామంటే ఎవరో పీఏసీకి (పొలిటికల్ యాక్షన్ కమిటీ, అంటే చందాలు పోగేసి అభ్యర్థులకు ఇచ్చే, లేదా ఎన్నికల్లో ఖర్చు పెట్టే సంస్థ) చెక్కు రాయమన్నారని మీరు అడిగారు. గ్రీన్ కార్డుంటే చట్టం అడ్డు లేదు. హెచ్1బీ వాళ్లు మాత్రం ఒక్క డాలరూ ఇవ్వకూడదు, స్కూల్ బోర్డు ఎన్నికకైనా సరే.

నన్నడిగితే అభ్యర్థికే ఇవ్వండి. 2025-26లో ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్ల దాకా ఇవ్వొచ్చు. ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక), జనరల్ (అసలు ఎన్నిక) వేర్వేరు లెక్క. పైగా అక్కడ మీ డాలరుకు విలువెక్కువ. ప్రైమరీకి ముందు 45 రోజులు, జనరల్‌కు ముందు 60 రోజులు టీవీ స్టేషన్లు అభ్యర్థి ప్రచార కమిటీకి తమ అతి తక్కువ రేటుకే ప్రకటన వేయాలి. సూపర్ పీఏసీకి ఆ హక్కు లేదు, స్టేషన్ ఎంతంటే అంత కట్టాల్సిందే. 2010 కోర్టు తీర్పులతో పుట్టిన ఈ సూపర్ పీఏసీలు ఎంతైనా పోగేసి ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు గానీ, అభ్యర్థి చేతికి పైసా ఇవ్వకూడదు, ప్రకటనల గురించి ఆయనతో మాట్లాడుకోకూడదు. కోటీశ్వరులకు సరిపోతుందేమో, మనకెందుకు?

అసలు భయపడాల్సింది వేరే ఉంది. ఫండ్‌రైజర్ డిన్నర్లో ఎవరైనా "నా లిమిట్ అయిపోయింది, మీ పేరున రాయండి, తర్వాత సర్దుతాను" అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. భారత సంతతి రచయిత, సినిమాలు తీసే దినేష్ డిసౌజా చేసింది సరిగ్గా ఇదే. 2012లో న్యూయార్క్ నుంచి అమెరికా సెనేట్‌కు నిలబడ్డ వెండీ లాంగ్‌కు వేరేవాళ్ల పేర్ల మీద 20,000 డాలర్లు ఇప్పించి, ఆ డబ్బు వాళ్లకు తిరిగిచ్చాడు. 2014లో నేరం ఒప్పుకున్నాడు. ఎనిమిది నెలలు హాఫ్‌వే హౌస్ (జైలు కాకపోయినా నిఘాలో ఉండాల్సిన వసతి), అయిదేళ్ల ప్రొబేషన్, 30,000 డాలర్ల జరిమానా పడ్డాయి. 2018లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

జాయింట్ ఖాతా చెక్కయితే సంతకం ఎవరిదో చందా వాళ్లదే. ఇద్దరి పేరునా పడాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, ఎవరిదెంతో రాయకపోతే చెరిసగం లెక్కేస్తారు. ఇచ్చింది మొత్తం 200 డాలర్లు దాటితే మీ పేరు, ఊరు, ఉద్యోగం, కంపెనీ ఎఫ్ఈసీ (ఫెడరల్ ఎన్నికల కమిషన్) సైటులో అందరికీ కనిపిస్తాయి.

పీఏసీకే ఇస్తానంటారా? ముందు ఆ సైటులోనే దాని పేరు కొట్టి ఖర్చుల పద్దు చూడండి. వచ్చిందంతా ఫోన్ కాల్స్‌కీ, కన్సల్టెంట్లకీ పోతూ అభ్యర్థులకు చిల్లర మాత్రమే దక్కే పీఏసీలు బోలెడున్నాయి. వీటిని ఇన్నేళ్లుగా ఎందుకు వదిలేస్తున్నారో అర్థం కాదు.