ఒక దేశపు ఎస్‌డీఎస్‌ను మరో దేశానికి నకలు చేయకు

చిరంజీవి కిరణ్‌కు పిన్ని ఆశీస్సులు.

అంబత్తూరులో నీ కంపెనీ ఎగుమతుల ఎస్‌డీఎస్‌లన్నీ నీకే అప్పగించిందని అక్క చెప్పింది. ఎస్‌డీఎస్ అంటే రసాయనం వెంట వెళ్లే, దాని ప్రమాదాలూ జాగ్రత్తలూ చెప్పే భద్రతా సమాచార పత్రమని నీకు తెలిసిందే. చాలా సంతోషం. ఉద్యోగకాలమంతా ఈ పత్రాలతోనే గడిపినదాన్ని కాబట్టి ఉండబట్టలేక రాస్తున్నాను.

ఎక్కడైనా ఉండేవి పదహారు విభాగాలే కదా, అమెరికా ప్రతిలో చిరునామా మార్చి యూరప్‌కు పంపేయమని నీకు ఎవరో ఒకరు చెబుతారు. వినకు. ఆ పదహారు శీర్షికలూ రసాయనాల వర్గీకరణకు ఐక్యరాజ్యసమితి రూపొందించిన ఉమ్మడి పద్ధతి అయిన జీహెచ్‌ఎస్‌ నుంచి వచ్చినవే. కానీ అందులోని ప్రమాద వర్గాల్లో వేటిని స్వీకరించాలో ఏ దేశానికా దేశం ఎంచుకుంటుంది. ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత, 70 డిగ్రీల సెల్సియస్ ఉన్న సాల్వెంట్‌నే చూడు. అమెరికాలో అది మండే ద్రవాల నాలుగో వర్గంలోకి వస్తుంది, హెచ్చరిక వాక్యం రాయాలి. యూరప్ ఆ వర్గాన్నే తీసుకోలేదు. యూరప్ ప్రతిని నకలు చేసి అమెరికాకు పంపితే అక్కడ చెప్పాల్సిన ప్రమాదాన్ని దాచినట్టే.

పనిచోటి గాలిలో రసాయనం ఎంతవరకు ఉండవచ్చో చెప్పే ఎనిమిదో విభాగం దగ్గర మరీ జాగ్రత్త. టోలుయిన్‌కు ఎనిమిది గంటల సగటు పరిమితి అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా లెక్కలో 200 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల భాగాలకు 200 భాగాలు. యూరోపియన్ యూనియన్ సూచించిన విలువ 50. పైగా సభ్య దేశాలకు తమ సొంత పరిమితులు ఉంటాయి, సరుకు చేరే దేశానిది వెతికి రాయాలి. ఆ అంకెను చూసే అక్కడివారు గాలి ఏర్పాట్లూ మాస్కులూ నిర్ణయించుకుంటారు. ఒక మనిషి ఊపిరితిత్తులు నీ అంకె మీద ఆధారపడతాయి నాన్నా.

అందుకే ముందుగా ఏ దేశానికీ చెందని ఒక మూల దస్త్రం పెట్టుకో. మిశ్రమంలో ఏది ఎంత శాతం, ఫ్లాష్ పాయింట్, పీహెచ్, విషప్రభావ పరీక్షల ఫలితాలు, ప్రతిదాని పక్కన పరీక్ష పద్ధతి, నివేదిక తేదీ అందులో ఉండాలి. వర్గీకరణ మాత్రం ప్రతి దేశానికీ దాని నియమాల ప్రకారం మళ్లీ మొదటి నుంచి చెయ్యి.

నియమాలూ మారుతుంటాయి. అమెరికా 2024 మేలో తన నిబంధనను ప్రధానంగా జీహెచ్‌ఎస్ ఏడో సవరణకు అనుగుణంగా మార్చింది. యూరప్‌లో 2020/878 నిబంధన ప్రకారం 2023 జనవరి 1 నుంచి పాత నమూనా చెల్లదు. హార్మోన్ల వ్యవస్థను దెబ్బతీసే గుణాల గురించి 11.2, 12.6 ఉపవిభాగాల్లో రాయాలి. పర్యావరణం, పారవేత, రవాణా, చట్టాల గురించి చెప్పే 12 నుంచి 15 వరకు విభాగాల్లోని విషయాన్ని ఓషా అమలు పరిధిలోకి తీసుకోదు. అందువల్ల అమెరికా ప్రతుల్లో అవి తరచూ పలుచగా ఉంటాయి. యూరప్‌లో అది కుదరదు.

కెనడాకు ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండూ కావాలి. యూరప్‌లో సరుకు అమ్మే దేశపు అధికార భాష కావాలి. ప్రమాద వాక్యాలకు ఆ భాషల్లో అధికారిక పాఠం ఉంది, అనువాదకుల చేత కొత్తగా రాయించకు.

ఎగుమతుల హడావిడిలో మన షెడ్డును మరచిపోవద్దు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల్లో తొమ్మిదో షెడ్యూలు మన ఎస్‌డీఎస్ నమూనా. డ్రమ్ములు దించేవాళ్లలో తమిళం చదివేవారు, తెలుగు చదివేవారు, హిందీ చదివేవారు ఉంటారు. ప్రథమ చికిత్స, రక్షణ సామగ్రి భాగాలను ఆ మూడు భాషల్లో రాయించి గోడకు అంటించు.

మొదటి విభాగంలో ఇచ్చే అత్యవసర నంబరుకు, సరుకు చేరే దేశంలో అర్ధరాత్రి అయ్యే వేళ నువ్వే ఒకసారి ఫోన్ చెయ్యి. ఎవరూ ఎత్తకపోతే, ఎత్తే నంబరు దొరికేదాకా ఆ ప్రతిని పంపకు.

పిన్ని